ట్రిమ్‌తో ఇంధనం ఆదా: అలవాటా, పట్టికా, సాఫ్ట్‌వేరా?

ఓడ పక్కన చిన్న పడవలో నిలబడి డ్రాఫ్ట్ (ఓడ నీటిలో మునిగిన లోతు) అంకెలు చదివిన వారికి ట్రిమ్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మెట్రిక్ అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, అంకెకూ అంకెకూ నడుమ ఖాళీ మరో 10. నీరు అంకె అడుగు అంచును తాకితే ఆ అంకే లోతు. అల లేస్తే అంకె మునుగుతుంది, అల తగ్గితే బయటపడుతుంది. కాసేపు ఓపిక పట్టి, హెచ్చుతగ్గులు చూసుకుని, సగటు రాసుకుంటాం. ముందు 4.90, వెనుక 7.10 వచ్చిందంటే ఓడ 2.20 మీటర్లు వెనక్కి వాలి ఉందన్నమాట. ఆ తేడాయే ట్రిమ్. పడవవాళ్లు ముందు భాగాన్ని అణియం అనీ, వెనుక భాగాన్ని అమరం అనీ అంటారు. చక్కటి మాటలు, ఇక్కడ నేనూ అవే వాడతాను.

ఆ 2.20 అలాగే ఉండాలా, 1.50కి తగ్గించాలా, అసలు ఓడను సమంగా నిలపాలా? దీనికి జవాబు చెబుతామని ఈ మధ్య చాలామంది ముందుకొస్తున్నారు. ఒకరు పట్టిక ఇస్తామంటారు, ఇంకొకరు సెన్సర్లు బిగిస్తామంటారు. మన వాళ్లలో పాతవారు అనుభవం చాలంటారు. నేను బొగ్గు, ధాన్యం లాంటి సరుకు మోసే బల్క్ ఓడల్లో చీఫ్ ఆఫీసరుగా పనిచేసి, ఇప్పుడు ఒడ్డున కూర్చుని ఓడల ఇంధన లెక్కలు చూస్తున్నాను. ఈ పోలిక ముఖ్యంగా బల్క్ ఓడల వారి కోసం. మిగతా ఓడల సంగతి అవసరమైన చోట చెబుతాను.

ఎంత మిగులుతుందని ఆశించాలి?

57,000 టన్నులు మోయగల తరగతి బల్క్ ఓడ రోజుకు 25 టన్నుల చొప్పున ఏడాదికి 250 రోజులు నడిచిందనుకుందాం. మొత్తం 6,250 టన్నుల ఇంధనం. అందులో 2 శాతం మిగిలితే 125 టన్నులు. టన్ను 500 డాలర్ల లెక్కన 62,500 డాలర్లు. భారీ ఇంధన తైలం ఒక టన్ను కాలితే 3.114 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క. ఆ ప్రకారం 389 టన్నుల ఉద్గారం తగ్గుతుంది. 2023 జనవరి 1 నుంచి పెద్ద ఓడలకు ఏటా ఎ నుంచి ఇ వరకు కార్బన్ గ్రేడు వేస్తున్నారు. ఐరోపా సమాఖ్య రేవులకు వెళ్లే ఓడలు 2024 నుంచి ఉద్గారాలకు డబ్బు కట్టాల్సి వస్తోంది. సి గ్రేడుకూ డి గ్రేడుకూ మధ్య గీత మీద నిలిచిన ఓడకు ఈ 2 శాతమే గట్టెక్కించవచ్చు.

అమ్మేవారి కరపత్రాల్లో 5 శాతం కనిపిస్తుంది, కొన్నిటిలో అంతకు మించి కూడా. ఒక వేగం, ఒక డ్రాఫ్ట్ దగ్గర అతి చెడ్డ ట్రిమ్‌ను అతి మంచి ట్రిమ్‌తో పోల్చితే అది నిజమే కావచ్చు. కానీ ఓడ ఏడాదంతా ఆ చెడ్డ ట్రిమ్‌లోనే నడవదు కదా. బల్క్ ఓడకు 1 నుంచి 2 శాతం మాత్రమే లెక్క వేసుకుని, దానికి తగ్గ ఖర్చే పెట్టండి. అంతకు మించి వస్తే మంచిదే.

వేగంతో కూడా పోల్చి చూడాలి. ఇంజను శక్తి సుమారుగా వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 14 నాట్లకు (గంటకు 14 నాటికల్ మైళ్లకు) బదులు 13.5 నాట్లతో వెళ్తే శక్తి 10 శాతం తగ్గుతుంది, అదే దూరానికి ఇంధనం 7 శాతం తగ్గుతుంది. ట్రిమ్ అంత ఇవ్వదు. అయితే వేగం తగ్గిస్తే ఓడ ఆలస్యంగా చేరుతుంది, ట్రిమ్ సరిచేస్తే వేళకే చేరుతుంది. అడుగున నాచూ గుల్లలూ పట్టిన ఓడ అయితే ముందు దాన్ని తోమించి, ప్రొపెల్లర్‌కు పాలిష్ పట్టించి, ఆ తర్వాతే ట్రిమ్ జోలికి వెళ్లండి. ముతకబారిన ఓడ మీద ట్రిమ్ తేడాలు కొలతకు అందవు.

వాలు మారితే ఓడకు ఏమవుతుంది?

కదిలే ఓడకు ప్రధానంగా రెండు అడ్డంకులు. ఒకటి ఒంటిని రాసుకుపోయే నీటి ఘర్షణ, రెండోది ఓడ తానే పుట్టించే అలలు. నిండు బరువుతో 12, 13 నాట్లతో నింపాదిగా సాగే బల్క్ ఓడకు ఘర్షణదే పెద్ద వాటా. వాలు కొద్దిగా మారినంత మాత్రాన తడిసే ఉపరితలం పెద్దగా మారదు కాబట్టి అక్కడ లాభం తక్కువ. వేగంగా వెళ్లే కంటైనర్ ఓడకు అలల వాటా ఎక్కువ. దాని లాభనష్టాలన్నీ అణియం కింద ఉబ్బుగా ఉండే బల్బు ఎంత లోతున ఉందన్న దాని మీదే నడుస్తాయి. బల్బు లేపే అల, ఓడ ముందు భాగం లేపే అలను అణచాలి. ఒక వేగానికీ, ఒక డ్రాఫ్ట్‌కూ సరిపోయేలా దాన్ని మలుస్తారు. వేగం మారినా, బల్బు సగం నీటి పైకి తేలినా అదే బల్బు భారమవుతుంది. 2008 తర్వాత కంటైనర్ ఓడలు నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాక, 24, 25 నాట్లకు మలిచిన బల్బులను కోసేసి కొత్తవి అతికించుకున్న కంపెనీలు ఉన్నాయి.

అమరం దగ్గర వేరే సంగతి. ఓడ వెనుక చివరను మూసే చదునైన పలక నీటిలో లోతుగా దిగితే దాని వెంట సుడులు పుట్టి ఓడను వెనక్కి లాగుతాయి. అలాగని అమరాన్ని మరీ పైకి లేపితే ప్రొపెల్లర్ గాలి పీల్చుకుంటుంది, శక్తి వృథా అవుతుంది, ఇంజను అదురుతుంది. వెనక్కి ఎంత వాలాలన్నది ఈ రెంటి మధ్య చూసుకోవలసిన లెక్క.

సమంగానా, వెనక్కా, ముందుకా?

నిండు బరువుతో వెళ్లే బల్క్ ఓడకూ, ట్యాంకర్‌కూ సమంగా ఉండటమే మొదటి ఎంపిక. ఓడను గీసేటప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఆ స్థితి మీదే. లోతు తక్కువ ఉన్న రేవులో ఎక్కువ సరుకు పట్టేదీ సమంగా ఉన్నప్పుడే. ఇలాంటి నిండైన ఆకారపు ఓడలు లోతులేని నీటిలో వేగంగా వెళ్తే అణియం ఇంకా కిందికి దిగుతుంది. కాబట్టి ముందే అణియం వైపు వాలి ఉన్న ఓడను అలాంటి కాలువలోకి తీసుకెళ్లకూడదు.

ఖాళీగా, అంటే సరుకు బదులు బరువు కోసం ట్యాంకుల్లో నింపుకునే బలాస్ట్ నీటితో వెళ్లేటప్పుడు అమరం వైపు వాలు తప్పనిసరి. ప్రొపెల్లర్ మునగాలి, చుక్కాని పట్టు ఇవ్వాలి. హోల్డుల్లో, అంటే సరుకు గదుల్లో, అడుగు నీరు పీల్చే బావులు వెనుక అంచునే ఉంటాయి కాబట్టి నీరు అటే పారాలి. కానీ ఎంత వాలు చాలు? ఇక్కడే ఎక్కువ ఓడలు నష్టపోతున్నాయని నా అనుభవం. నేను చేరిన ఒక ఓడలో బలాస్ట్ ప్రయాణమంటే ట్రిమ్ రెండున్నర మీటర్లని అప్పగింత నోట్సులో రాసి ఉండేది. ఎందుకని అడిగితే అంతకు ముందువారి నోట్సు చూపించారు. ఆ ఓడ ప్రొపెల్లర్ పై అంచు ఓడ అడుగు నుంచి సుమారు 6.3 మీటర్ల ఎత్తున ఉంది. వెనుక డ్రాఫ్ట్ 7.10కి తగ్గించినా దాని మీద ఇంకా 80 సెంటీమీటర్ల నీరు ఉంటుంది. నెమ్మది సముద్రంలో అది చాలు. అయినా ఏళ్ల తరబడి అమరం చివర ఉండే ఆఫ్ట్‌పీక్ ట్యాంకు నిండా నీరు మోసుకుంటూ తిరిగారు. అలల కాలంలో ఆ నీటికి అర్థముంది. అప్పుడు అణియం డ్రాఫ్ట్ కూడా పెంచాలి, లేకపోతే ఓడ అడుగు అలల మీద దబదబ కొట్టుకుంటుంది. ప్రశాంత సముద్రంలో మాత్రం అది ఊరికే మోస్తున్న బరువు.

వెనక్కి వాలు ఎక్కువైతే చూపు కూడా తగ్గుతుంది. బ్రిడ్జి నుంచి చూస్తే అణియం ముందు కనిపించని నీటి దూరం రెండు ఓడల పొడవు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే దాన్ని మించకూడదని ఓడల భద్రతా ఒప్పందం సోలాస్ నిబంధన. ముడి చమురు ట్యాంకర్లకు బలాస్ట్ స్థితిలో అమరం వైపు ట్రిమ్ ఓడ పొడవులో 1.5 శాతం దాటకూడదనీ, ప్రొపెల్లర్ పూర్తిగా మునగాలనీ ఓడల కాలుష్య నివారణ ఒప్పందం మార్పోల్ చెబుతుంది.

ఇక అణియం వైపు వాలు. సగం బరువుతో, మలిచిన వేగం కంటే నెమ్మదిగా నడిచే కంటైనర్ ఓడల్లో చాలావాటికి ఇది లాభిస్తుంది. బల్బు నీటిలోకి దిగుతుంది, వెనుక పలక పైకి లేస్తుంది. బల్క్ ఓడలో మాత్రం నేను దీన్ని తొందరపడి సిఫారసు చేయను. ఓడ దారి నిలకడ తగ్గి చుక్కాని అటూ ఇటూ ఎక్కువ తిరుగుతుంది, ఆ తిరుగుడే ఇంధనం తింటుంది. బావుల్లోకి నీరు రాదు. రేవుల్లో దారి చూపే పైలట్లూ ఇష్టపడరు.

సరుకు సర్దడమా, నీరు ఎక్కించడమా?

కావలసిన ట్రిమ్ తెలిశాక దాన్ని తెచ్చుకునే దారులు రెండు. వీటి మధ్య తేడా కొనబోయే ఏ పరికరం కంటే ముఖ్యం.

ట్రిమ్‌ను ఒక సెంటీమీటరు మార్చడానికి కావలసిన మొమెంట్ (బరువును దూరంతో గుణించిన లెక్క) ప్రతి ఓడ పుస్తకంలోనూ ఉంటుంది. 190 మీటర్ల మన బల్క్ ఓడకు అది సుమారు 700 టన్ను-మీటర్లు అనుకుందాం. మొదటి హోల్డుకూ అయిదో హోల్డుకూ నడుమ దూరం 115 మీటర్లు. ఎక్కించే ప్రణాళికలోనే 300 టన్నుల సరుకును ఒక దాని నుంచి ఇంకో దానికి మార్చి రాస్తే 300ను 115తో గుణించి 700తో భాగించాలి, 49 సెంటీమీటర్లు వస్తుంది. అర మీటరు ట్రిమ్ పైసా ఖర్చు లేకుండా, ఒక్క టన్ను అదనపు బరువు లేకుండా మారిపోయింది.

అదే మార్పును సముద్రంలోకి వెళ్లాక అణియం కొసన ఉండే ఫోర్‌పీక్ ట్యాంకులో నీరు నింపి తేవాలంటే సుమారు 400 టన్నులు కావాలి. ఓడ మొత్తంగా 7 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. నిండు ఓడ మొత్తం బరువు 68,000 టన్నులైతే 0.6 శాతం పెరిగినట్టు. దాన్ని లాగడానికి సుమారు 0.4 శాతం అదనపు శక్తి కావాలి. ట్రిమ్ 1 శాతం మిగిల్చితే అందులో దాదాపు సగం ఆ నీరే తాగేస్తుంది. పైగా పంపు నడవాలి. బలాస్ట్ నీటి ఒప్పందం 2017 సెప్టెంబరు 8న అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ నీటిని శుద్ధి కూడా చేయాలి, దానికీ కరెంటు కావాలి. లోడ్ లైన్ (ఓడ మునగడానికి అనుమతించిన గీత) వరకు నిండిన ఓడకైతే 400 టన్నుల నీరంటే 400 టన్నుల సరుకు వదులుకోవడమే. ఫోర్‌పీక్, ఆఫ్ట్‌పీక్ నింపితే ఓడ రెండు చివరలా బరువు పడి నడుము మీద ఒత్తిడి పెరుగుతుంది. ట్రిమ్ కోసం చేసే ప్రతి మార్పునూ లోడింగ్ కంప్యూటర్‌లో వేసి, వంపు ఒత్తిడీ కోత బలమూ సముద్ర ప్రయాణానికి పెట్టిన పరిమితుల్లోనే ఉన్నాయని చూసుకున్నాకే చేయాలి. ఇంధనం ఆదా కోసం ఈ పరిమితుల్లో ఒక్క శాతం కూడా రాజీ లేదు.

ఉన్న నీటిని ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మళ్లించడం మధ్యే మార్గం. బరువు పెరగదు. నీరు తీసేయడం దానికంటే మేలు, నిబంధనలు ఒప్పుకుంటే.

ఇంకో మాట. బయలుదేరినప్పటి ట్రిమ్ చేరినప్పుడు ఉండదు. చాలా బల్క్ ఓడల్లో ఇంధనం ట్యాంకులు వెనుక వైపే ఎక్కువ. 15 రోజుల్లో 375 టన్నులు కాలితే, ఆ ట్యాంకులు ఓడ వాలే కేంద్రానికి 60 మీటర్లు వెనుక ఉన్నాయనుకుంటే, అణియం వైపు 32 సెంటీమీటర్ల మార్పు వస్తుంది. ఏ ట్యాంకులోని నూనె ముందు కాల్చాలో చీఫ్ ఇంజనీరూ చీఫ్ ఆఫీసరూ కలిసి కూర్చుని నిర్ణయించుకుంటే ట్రిమ్‌కు నీటితో పనే పడదు. నేను చూసిన ఓడల్లో ఈ సంభాషణ జరిగేవి తక్కువ. జరిగిన చోట ఫలితం కనిపించింది.

మంచి ట్రిమ్ ఏదో ఎలా తెలుస్తుంది?

మొదటి దారి, అనుభవమూ ఓడ పుస్తకమూ. ఖర్చు లేదు. కానీ ఓడ నిలకడ లెక్కలుండే స్టెబిలిటీ పుస్తకంలోని స్థితులు ఓడ భద్రంగా ఉందని చూపడానికి రాసినవి, తక్కువ నూనె తాగుతుందని చూపడానికి కాదు. కెప్టెన్ అనుభవం విలువైనదే, కానీ అది ఆయన నడిపిన ఓడలది. బల్బు ఆకారం మారితే జవాబు తలకిందులు కావచ్చు.

రెండోది, సొంత ఓడ మీద పరీక్ష. నాకు ఇష్టమైన దారి ఇదే, కష్టమైనదీ ఇదే. లోతైన నీరు, నెమ్మది గాలి, చిన్న అలలు ఉన్న రోజు చూసుకోవాలి. దిశ మార్చకుండా, ఇంజను శక్తి మార్చకుండా, మూడు నాలుగు ట్రిమ్‌లలో ఒక్కోదాన్లో గంట చొప్పున నడపాలి. సగటు డ్రాఫ్ట్ మారకుండా నీటిని ట్యాంకుల మధ్య మళ్లించి మాత్రమే ట్రిమ్ మార్చాలి. నీటిలో వేగం చూడాలి, జీపీఎస్ వేగం కాదు. ప్రవాహం జీపీఎస్ లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. చివర్లో మొదటి ట్రిమ్‌కు తిరిగి వచ్చి మళ్లీ కొలవాలి. రెండుసార్లూ ఒకే అంకె రాకపోతే ఆ రోజు పరీక్షను పక్కన పెట్టండి. మనం వెతికేది 1, 2 శాతం తేడా. నీటిలో వేగం కొలిచే స్పీడ్ లాగ్ పొరపాటే అంత ఉండవచ్చు. అందుకే ఒక్క రోజు చూసి తీర్పు ఇవ్వకూడదు. మధ్యాహ్నం పంపే రోజువారీ నివేదికలతో ఈ పని అసలే కాదు. షాఫ్ట్ మీద శక్తి కొలిచే టార్షన్ మీటర్ ఉంటేనే మాట్లాడుకోవాలి. కొత్త సామర్థ్య నిబంధనల కోసం షాఫ్ట్ శక్తికి పరిమితి పెట్టుకున్న ఓడల్లో అది ఇప్పటికే ఉంటుంది, వాడుకోండి.

మూడోది పట్టిక. ఓడ నమూనాను ట్యాంకులో లాగి చూసి గానీ, నీటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్క కట్టి గానీ తయారు చేస్తారు. నమూనాలను ట్యాంకులో లాగి చూసే పద్ధతికి 1870లలో ఇంగ్లండ్‌లో విలియం ఫ్రూడ్ పునాది వేశారు. విశాఖపట్నంలో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవైన అలాంటి ట్యాంకు ఉంది, రక్షణ అవసరాల కోసం. వాణిజ్య ఓడలకు డెన్మార్క్‌లోని ఫోర్స్ టెక్నాలజీ, నార్వేకు చెందిన డీఎన్‌వీ వంటి సంస్థలు ఈ సేవ అందిస్తాయి. ప్రతి వేగానికీ, ప్రతి డ్రాఫ్ట్‌కూ, ప్రతి ట్రిమ్‌కూ ఎంత శక్తి కావాలో వరుసగా లెక్క కట్టి ఇస్తారు. ఓడలో సెన్సర్లు అక్కరలేదు. ఒకే నమూనాలో కట్టిన అయిదారు ఓడలుంటే ఒక్క లెక్కే అన్నిటికీ పనికొస్తుంది, ఖర్చు పంచుకోవచ్చు. లోపమేమిటంటే అది ప్రశాంత సముద్రపు జవాబు. అలల్లో ఓడ ప్రవర్తన ఆ పట్టికలో ఉండదు.

నాలుగోది సెన్సర్ల సాఫ్ట్‌వేర్. ఓడ వాలు, వేగం, గాలి, షాఫ్ట్ శక్తి నిత్యం నమోదు చేసి, ఈ క్షణాన ట్రిమ్ ఇంత ఉండాలని బ్రిడ్జి మీద తెర చూపిస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన ఎనిరామ్ దీనికి పేరు పొందింది. 2016లో దాన్ని వార్ట్‌సిలా కొనుక్కుంది. నడిచే ఓడ వాలు ఆగి ఉన్నప్పటి వాలు కాదు, ఈ తేడాను పట్టుకోవడం దీని బలం. వారంలో మూడు నాలుగు రేవులు తిరుగుతూ, ప్రతి రేవులో బరువు మారే కంటైనర్ ఓడకూ, విహార ఓడకూ దీని విలువ ఎక్కువ. నెలకు ఒకసారి సరుకు మారే బల్క్ ఓడలో ఆ తెర రోజులకు రోజులు అదే మాట చెబుతుంది. సెన్సర్లకు సేవ కావాలి, చందా కట్టాలి. చెడిపోయిన సెన్సర్ చూపే ఆకుపచ్చ దీపం ఏ దీపమూ లేకపోవడం కంటే ప్రమాదం.

ఎవరికి ఏది?

ఒకటి రెండు బల్క్ ఓడలున్న యజమానికి నా సలహా రెండో దారి. టార్షన్ మీటర్ పెట్టించి, బలాస్ట్ ప్రయాణాల్లో పరీక్షలు చేయించండి. ఒకే నమూనా ఓడలు నాలుగైదు ఉంటే పట్టిక చేయించి, ఒక ఓడ మీద పరీక్షించి సరిచూసుకోండి. కంటైనర్ ఓడల వారు నాలుగో దారిని తీవ్రంగా పరిశీలించవచ్చు. ఓడను టైమ్ చార్టర్‌కు ఇస్తే ఇంధనం ఖర్చు అద్దెకు తీసుకున్నవారిది, పరికరం ఖర్చు యజమానిది. ఆదాలో వాటా ఒప్పందంలో రాసుకోకుండా కొనకండి.

కొనే ముందు అమ్మేవారిని అడగవలసినవి ఉన్నాయి. మీరు చెప్పే ఆదా ఏ ట్రిమ్‌తో పోల్చి? మా ఓడ నిరుడు నిజంగా నడిచిన వేగాలతో, డ్రాఫ్ట్‌లతో లెక్క కట్టి చూపగలరా? ఆ ట్రిమ్ తేవడానికి అదనపు నీరు కావాలంటే ఆ నీటి బరువు లెక్కలో కలిపారా? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి.

మన తీరం ఉదాహరణలు రెండు. విదేశాల నుంచి బొగ్గుతో వచ్చి, విశాఖలో కొంత దింపి, మిగతాది హల్దియాకు తీసుకెళ్లే ఓడకు ఇంధనం కంటే హుగ్లీ నది లోతు ముఖ్యం. నది నీరు సముద్రం కంటే పలచన, ఓడ ఇంకాస్త మునుగుతుంది. కాబట్టి విశాఖలో ఏ హోల్డు నుంచి ఎంత దింపాలన్నది చేరేసరికి సమంగా ఉండేలా లెక్క వేయాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌కు పనేమీ లేదు, కాగితం చాలు. కాకినాడ లంగరు రేవులో బార్జీల నుంచి బియ్యం బస్తాలు ఎక్కించుకుని పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లే ఓడ సంగతి వేరు. వారాల తరబడి ఒకే డ్రాఫ్ట్‌తో సాగే ప్రయాణం. బస్తాలను దారిలో జరపలేం. ఇంధనం కాలేకొద్దీ అణియం దిగుతుంది కాబట్టి బయలుదేరేటప్పుడు అమరం వైపు ఆ మేరకు కాస్త ఎక్కువ ఉంచుకోవాలి. అందుకని చివరి కొన్ని వందల టన్నులు ఏ హోల్డుకని ముందే మాట ఇవ్వకండి. పడవ దింపించి, ముందూ మధ్యా వెనుకా అంకెలు చదివి, లెక్క వేసి, అప్పుడు ఆఖరి బార్జీని ఏ హోల్డు పక్కకు రమ్మనాలో చెప్పండి.